ఆగమన కాలపు కొవ్వొత్తుల పెట్టె: ఏడాది తిరగని ఇంట్లో 24 రోజుల వాడకం

ఈ సమీక్ష ఒక చిన్న అట్టపెట్టె గురించి. అందులో మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీరంగు కొవ్వొత్తి, వాటిని నిలబెట్టడానికి గుండ్రని ఇనుప చట్రం, దాని చుట్టూ చుట్టుకోవడానికి ఆకుపచ్చ ప్లాస్టిక్ తీగ, రోజుకొక పుట చొప్పున చదువుకోవలసిన ధ్యానాల చిన్న పుస్తకం ఉంటాయి. వెల 480 రూపాయలు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో ఇంట్లో వెలిగించుకోవడానికి ఉద్దేశించిన సరంజామా ఇది. 2024 నవంబరు చివరి వారంలో ఒంగోలు ట్రంకు రోడ్డు వైపు ఉన్న ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో కొని, డిసెంబరు 1 నుంచి 24 వరకు ఒక్క రోజూ మానకుండా వాడాను. ఇలాంటి పెట్టెలు ఇప్పుడు చాలా చోట్ల ఇంచుమించు ఒకే తీరుగా దొరుకుతున్నాయి గనుక తయారు చేసినవారి పేరు, దుకాణం పేరు రాయడం లేదు.

నేను ఏ అవసరంతో దీన్ని కొన్నానో చెప్పకపోతే నా మెచ్చుకోలుకూ ఫిర్యాదుకూ అర్థం ఉండదు. నా పుట్టిల్లు అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గరి లూథరన్ కుటుంబం. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీల వల్ల ఏర్పడిన సంఘం మాది కాబట్టి, నాలుగు ఆగమన ఆదివారాలు పాటించడం, ఆ వారాల్లో బలిపీఠం మీద ఊదా వస్త్రం పరచడం చిన్ననాటి నుంచి ఎరుగుదును. మెట్టినిల్లు ఒంగోలులోని బాప్టిస్టు కుటుంబం. ఇక్కడ ఆగమనం అన్న మాట ఎవరికీ అలవాటు లేదు. నవంబరు మూడో వారం దాటిందంటే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే జరుపుకునే వేడుకలు, మొదలవుతాయి. సంఘానికొకటి, బడికొకటి, ఆఫీసుకొకటి చొప్పున నెల పొడుగునా కేకులు, శాలువాలు, మైకులు. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ముప్పై ఏళ్లపాటు నేనూ కొత్త చీర కట్టుకుని వెళ్లినదాన్నే. అయితే 2024 ఆగస్టులో మా వారు కన్నుమూశాక ఆ మైకు చప్పుడు వినపడితేనే తలుపు వేసుకోవాలనిపించేది.

ఆయనకు రెండున్నరేళ్లు డయాలసిస్ జరిగింది. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు. మొదటి షిఫ్టు దొరకాలంటే తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఆయనకు ఇడ్లీ పెట్టి, ఆటో మాట్లాడుకుని బయలుదేరాలి. రోజు మొత్తంలో తాగవలసిన నీళ్లు ఒక చెంబులో కొలిచి పెట్టి, అందులోంచే గుక్కలు గుక్కలుగా ఇవ్వాలి. ఎండాకాలంలో ఆయన ఆ చెంబు వంక చూసే చూపుకు నేను ముఖం తిప్పుకునేదాన్ని. మనిషి పోయాక వచ్చే దుఃఖం గురించి అందరూ మాట్లాడతారు గానీ, పోకముందు ఏళ్ల తరబడి ఎముకల్లోకి దిగిన అలసట గురించి ఎవరూ మాట్లాడరు. భూస్థాపన అయిన రాత్రి, ఇక రేపు నాలుగింటికి లేవనక్కర్లేదన్న తలపు రాగానే నాకు హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్ర నన్ను గుచ్చినంతగా మరేదీ గుచ్చలేదు. మర్నాటి నుంచి మాత్రం ఒళ్లు తన అలవాటు మానలేదు. సరిగ్గా నాలుగింటికి మెలకువ వచ్చేది, లేచి చేయవలసిన పని ఏదీ ఉండేది కాదు.

ఏడాది తిరగని ఇంట పండుగ చేసుకోకూడదన్న ఆచారం మా క్రైస్తవ కుటుంబాల్లోనూ గట్టిగానే ఉంది. ఆ సంవత్సరం గుమ్మానికి నక్షత్రం కట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోనులో “నాన్న ఉంటే కట్టమనే అంటారమ్మా” అన్నాడు. మా అత్తగారు వద్దన్నారు. పోయింది ఆవిడ కన్న కొడుకు. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం నావల్ల కాలేదు. అలాగని ఆ నెలంతా చీకటి కొట్టులా ఇల్లు పెట్టుకుని కూర్చోవడమూ మనసొప్పలేదు. పండుగ చేయలేని, పండుగను పూర్తిగా వదులుకోనూ లేని ఇంటికి ఏమైనా దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే గూడూరు గుడిలోని ఊదారంగు గుర్తుకొచ్చింది. పెట్టె కోసం వెతుక్కుంటూ వెళ్లింది అందుకే.

దుకాణంలో కుర్రవాడు మర్యాదస్తుడు. ఏం కావాలో చెప్పగానే కొంచెం తెల్లబోయి, “ఇవి ఎవరూ అడగరమ్మా, రెండేళ్లుగా పై అరలోనే ఉన్నాయి. నక్షత్రాలు చూపించమంటారా?” అన్నాడు. వద్దన్నాక నిచ్చెన వేసుకుని పెట్టె దించి, దుమ్ము తుడిచి, “పిల్లలకా?” అని అడిగాడు. నాకేనని చెప్పాను. ఎండ పడే వైపు ఉండడం వల్ల గులాబీరంగు కొవ్వొత్తి ఒక పక్క పాలిపోయి ఉంది. అడగకుండానే 30 రూపాయలు తగ్గించాడు. సరుకులో లోపం చూసి తానే ధర తగ్గించే దుకాణదారు ఈ రోజుల్లో అరుదు కనుక ఇది రాయడం న్యాయం.

ముందు వస్తువు సంగతి. చట్రం దృఢంగా ఉంది, కాళ్లు సమంగా ఉన్నాయి, నేల మీద కదలదు. కానీ కొవ్వొత్తులు దిగే గిన్నెలు అర అంగుళం లోతు కూడా లేవు. రెండో వారానికే ఒక కొవ్వొత్తి పక్కకు ఒరిగింది. అడుగున కాస్త మైనం కరిగించి అతికిస్తే గానీ నిలబడలేదు. ప్లాస్టిక్ తీగ దేవదారు ఆకుల్ని అనుకరిస్తూ చేసినది. నిప్పుకు అంత దగ్గరగా ప్లాస్టిక్ పెట్టమనడం ఎవరి ఆలోచనో గానీ, నేను దాన్ని మొదటి రోజే తీసేశాను. మన తీరంలో కొత్తపట్నం దారిలోనూ అటు నెల్లూరు వైపూ సరుగుడు తోటలకు కొదవ లేదు. పల్లెల్లో క్రిస్మస్ చెట్టుగా సరుగుడు కొమ్మనే నిలబెట్టుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. తెలిసినవాళ్లు రెండు రెమ్మలు తెచ్చి ఇస్తే చట్రం చుట్టూ చుట్టాను. వారానికొకసారి మార్చుకోవాలి, ఎండితే వెంటనే అంటుకుంటుంది. మీరు కొంటే మీరూ అదే చేయండి.

ఈ ఆచారం పుట్టుక గురించి పుస్తకం వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు ఉన్నాయి, అవి సరైనవే. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపే యోహాన్ హిన్రిష్ విఖెర్న్ అనే పాస్టరు, క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లని రోజూ అడిగే పిల్లల కోసం ఒక చక్రం మీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి పెట్టి రోజుకొకటి వెలిగించాడు. తరువాతి కాలంలో చిన్నవి పోయి నాలుగే మిగిలాయి. ఊదా పశ్చాత్తాపానికీ సిద్ధపాటుకూ గుర్తు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో వాడేదీ ఆ రంగే. మూడో ఆదివారం సంతోషించమని పిలుపునిచ్చే ఆదివారం కావడంతో ఆ ఒక్క రోజుకు గులాబీరంగు. వారం గడిచేకొద్దీ ఒక్కొక్కటి కలుస్తూ నాలుగో వారానికి నాలుగూ వెలుగుతాయి.

పుస్తకం రాత్రి భోజనాలయ్యాక కుటుంబమంతా కూర్చుని వెలిగించమంటుంది. నేను ఆ మాట పాటించలేదు. రాత్రిపూట ఫ్యాను ఆపితే దోమలు, ఆపకపోతే కొవ్వొత్తి నిలవదు అన్నది ఒక కారణం. అసలు కారణం ఆ నాలుగు గంటల మెలకువ. డిసెంబరు 1న, ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన మర్నాడు, ఆకాశం ముసురు పట్టి ఉంది, కరెంటు కూడా లేదు. నాలుగింటికి లేచి, ఇడ్లీపాత్ర వైపు చేయి చాచి, వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే అగ్గిపెట్టె అందుకున్నాను. ఆ రోజు పుటలో ఉన్నది కావలివారు ఉదయం కోసం కనిపెట్టుకుని ఉండడం కంటె ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెట్టుతున్నదని చెప్పే 130వ కీర్తన. రెండున్నరేళ్లు నేను చేసింది కావలి ఉద్యోగమే. ఆ ఉద్యోగం పోయిందని బాధపడాలో, విడుదలైందని ఊపిరి పీల్చుకోవాలో తేల్చుకోలేక నాలుగు నెలలు కొట్టుకుపోయాను. ఒక్క కొవ్వొత్తి ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఏమీ తేలలేదు గానీ, ఆ గంటకు మళ్లీ ఒక పని దొరికింది. ఈ వస్తువు నాకు చేసిన మొదటి మేలు అదే, బహుశా అన్నింటికంటె పెద్ద మేలు కూడా.

పుస్తకం అచ్చు గురించి నా ఫిర్యాదు తీవ్రమైనది. కొవ్వొత్తి వెలుగులో చదవడానికి ఉద్దేశించిన పుస్తకాన్ని మెరిసే కాగితం మీద, చీమతలకాయంత అక్షరాలతో వేశారు. దీపం కాగితం మీద ప్రతిఫలించి అక్షరం కనపడదు. కోణం మార్చుకుంటూ చదవాలి. యాభై దాటిన నాకు కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టమైంది, చివరికి సెల్‌ఫోను లైటు వేసుకోవలసి వచ్చింది. కొవ్వొత్తి పక్కన సెల్‌ఫోను లైటు వేసుకుంటే ఇక కొవ్వొత్తి ఎందుకు? రెండో లోపం లెక్కకు సంబంధించినది. ఆగమన కాలం ప్రతి ఏడూ ఒకే పొడవు ఉండదు. క్రిస్మస్ వారంలో ఏ రోజున పడిందన్న దాన్ని బట్టి 22 రోజుల నుంచి 28 రోజుల వరకు మారుతుంది. పుస్తకంలో ఉన్నవి 28 ధ్యానాలు, అంటే 2022 లెక్కకు వేసినది. 2024లో ఉన్నవి 24 రోజులే కావడంతో నాలుగో వారం సగంలో ఆగిపోతుంది. ఏ పుటలు వదలవచ్చో ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది.

లోపలి విషయానికి వస్తే, ఈ పుస్తకం రాసినవారికి తెలుగు బైబిలు మాటల మీద మంచి పట్టు ఉంది. మొదటి వారం పేరు నిరీక్షణ. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. ప్రయాణికుల నిరీక్షణ, ఫలితాల కోసం నిరీక్షణ అని పత్రికలు రాస్తాయి. బైబిలు తెలుగులో అదే మాట రేపటి మీద పెట్టుకున్న ఆశకు కూడా వాడారు. మనకు ఆశకూ ఎదురుచూపుకూ ఒక్కటే మాట దొరకడం అదృష్టమని పుస్తకం అంటుంది, నేను ఒప్పుకుంటాను. ఆశ ఉందా అని ఎవరైనా ఆ డిసెంబరులో నన్ను అడిగి ఉంటే లేదనే చెప్పేదాన్ని. ఎదురు చూస్తున్నావా అని అడిగి ఉంటే అవునని చెప్పగలిగేదాన్ని. కనిపెట్టడం అన్న మాటా అలాంటిదే. బైబిలులో దానికి ఎదురుచూడడమని అర్థం. బయట కొత్తది కనుగొనడమనీ, ఒకరిని కనిపెట్టుకుని ఉండడమనీ అర్థాలు. రోగి మంచం పక్కన కూర్చునేవాళ్లను మన పక్క కనిపెట్టుకుని ఉన్నారంటాం. రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, చూడనిదాని కోసం ఓపికతో కనిపెట్టడం గురించి చదువుతున్నప్పుడు నాకు తోచింది ఆసుపత్రి బెంచీయే. ఈ మూడు పుటల కోసమైనా పుస్తకం కొనవచ్చు.

అలసట గురించి ఉన్నది ఒక్క పుట, మొదటి గురువారం నాటిది. ప్రవక్త ఏలీయా కథ. కర్మెలు కొండ మీద అంత గెలుపు సాధించినవాడు, రాణి బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవదూత వచ్చి అతనికి ఉపదేశం ఏమీ చేయడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు పెట్టి తినమంటాడు. తిని మళ్లీ పడుకుంటాడు. రెండోసారి వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తినమంటాడు. ఈ కథ నేను ఎన్ని ప్రసంగాల్లో విన్నానో లెక్కలేదు గానీ, అన్నింటిలోనూ ప్రసంగీకులు ఏలీయా నీరసాన్ని మందలిస్తారు. ఈ పుస్తకం మాత్రం దూత తిట్టలేదని, నిద్రపోనిచ్చాడని, వండి పెట్టాడని చూపించి ఆగుతుంది. భూస్థాపన నాటి నా నిద్ర గురించి ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. ఆ పుట కింద రాసుకోవడానికి వదిలిన ఖాళీ గీత మీద మొదటిసారి రాశాను.

రెండో వారంలో ఒక పుట ఇంత మంచి పుస్తకంలోకి ఎలా వచ్చిందో అర్థం కాదు. విశ్వాసి చావు దగ్గర కన్నీరు పెట్టుకోవడం విశ్వాసలోపమని, పౌలు దుఃఖపడవద్దని ఆజ్ఞాపించాడని అందులో రాశారు. దానికి ఆధారంగా చూపిన వచనం థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం లోనిది. ఆ వచనం చెప్పేది నిరీక్షణ లేని ఇతరుల వలె దుఃఖపడవద్దని. అసలు దుఃఖపడవద్దని కాదు. ‘ఇతరుల వలె’ అన్న రెండు మాటలు ఎగరగొడితే ఓదార్పు కాస్తా మందలింపవుతుంది. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, మరి కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు కన్నీళ్లు విడిచాడని యోహాను రాశాడు. మా వారు పోయాక జరిగిన ఆదరణ కూడికకు వచ్చిన పెద్దలు కొందరు ఇదే మాట నాతో అన్నారు. వాళ్లు మంచివాళ్లే, ఏం మాట్లాడాలో తెలియక అన్నారు. అచ్చువేసేవాళ్లకు మాత్రం ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఆ పుట చించేద్దామనుకుని, మా అత్తగారు చూస్తే పుస్తకం పాడుచేశానంటారని మడతపెట్టి వదిలేశాను.

అదే వారంలో సమాధానం గురించిన పుట ఆ కోపాన్ని కొంత చల్లార్చింది. శాంతికి మన బైబిలు సమాధానం అంటుంది. బయట లోకంలో సమాధానం అంటే అడిగినదానికి జవాబు. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు జవాబు కోరుకుంటూ కూర్చున్నవాళ్లకు ఈ రెండు అర్థాల మధ్య దూరం చాలా ఉంటుంది. పుస్తకం ఆ దూరాన్ని మాటలతో పూడ్చే ప్రయత్నం చేయలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా, దూతను ప్రశ్న అడిగినందుకు, కొడుకు పుట్టేదాకా మాట పోగొట్టుకుని ఉన్నాడని, ఆ నెలల్లో ఇంట్లో అతను ఏం చేస్తూ గడిపి ఉంటాడో ఊహించమని మాత్రం అంటుంది.

మా అత్తగారు కనిగిరి వైపు మనిషి. మొదటి రోజు నుంచీ ఈ కొవ్వొత్తుల వ్యవహారాన్ని అనుమానంగానే చూశారు. “ఇదేందమ్మాయ్, కథోలికుల గుళ్లో మాదిరి?” అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్లి పడుకున్నారు. రెండు వారాలు అంతే. మూడో ఆదివారం, డిసెంబరు 15న, గులాబీరంగు కొవ్వొత్తి వెలిగించేసరికి ముసుగు తీసి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, “పైకి చదువు, నాకు కనపడొద్దా?” అన్నారు. ఆ రోజు పుట లూకా సువార్తలోని అన్న గురించి. తెలుగులో ఆ పేరు చదివితే ఎవరో అన్నగారనుకుంటాం, ఆవిడా అలాగే అనుకుని ఎవరి అన్న అని అడిగారు. పెళ్లయిన ఏడేళ్లకు భర్తను పోగొట్టుకుని, ఎనభై నాలుగేళ్ల విధవరాలిగా దేవాలయం విడవకుండా రేయింబవళ్లు ప్రార్థిస్తూ, చివరికి నలభై రోజుల పసిబిడ్డగా క్రీస్తును చూసిన మనిషి అని చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, “ఎనభై నాలుగా? నాకింకా రెండు తక్కువ” అన్నారు. అప్పటి నుంచి నాలుగింటికి నాకంటె ముందు లేచి కూర్చునేవారు. ఈ పుట రాసినవారు అన్న ముఖంలో సంతోషం గురించి ఎక్కువ వర్ణించకుండా, అంతకుముందు గడిచిన ఏళ్లను లెక్కపెట్టడం మీదే నిలబడ్డారు. సంతోషం వారానికి అలాంటి పుట ఎంచుకోవడం మంచి వివేకం.

పుస్తకంలో నాకు బాగా లోటనిపించింది మన నేల. పోలికలన్నీ మంచు, దేవదారు, పొగగొట్టం చుట్టూనే తిరుగుతాయి; ఏ దేశపు పుస్తకాన్ని చూసి రాశారో పసిగట్టడం కష్టం కాదు. మేమున్న ఊళ్లోనే ప్రార్థన కొండ ఉంది. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో మొదలై, 1840లో నెల్లూరు చేరి, పదేళ్లు దాటినా చెప్పుకోదగ్గ ఫలితం లేక మూసేద్దామన్న చర్చల దాకా వెళ్లింది. ఒంటరి నక్షత్రమని దానికి పేరు పడింది ఆ రోజుల్లోనే. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఎవరినైనా పంపమని ప్రార్థించారు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ తరువాత 1876 నుంచి 78 దాకా సాగిన మహా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించారు గానీ, అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ చెప్పుకుంటారు. ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. దానికి ముందు ఆకలితో, చావులతో, బాప్తిస్మం కూడా లేకుండా గడిచిన నెలల్ని చెప్పుకోరు. ఆగమనం గురించి ఈ జిల్లావాళ్లకు రాసే పుస్తకంలో ఉండవలసినది ఆ నెలల కథ. దానికి బదులు మంచుబొమ్మ కథ ఉంది.

నాలుగో వారంలో రాహేలు ఏడుపు గురించిన పుట ఉంది. బేత్లెహేములో హేరోదు చంపించిన పసివాళ్ల కథను మత్తయి చెబుతూ యిర్మీయా గ్రంథంలోని, బిడ్డల కోసం రాహేలు ఏడ్చిన ఆ ఏడుపును గుర్తుచేస్తాడు. క్రిస్మస్ ధ్యానాల్లో దీన్ని చాలామంది దాటేస్తారు, ఇందులో దాటేయలేదు. బిడ్డలు లేకపోవడంతో ఓదార్పు పొందనొల్లలేదన్న మాట మా అత్తగారు రెండుసార్లు చదివించుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ వారమే అర్ధరాత్రి దాటాక సంఘం పిల్లలు డోలు వేసుకుని క్యారల్స్‌కు వచ్చారు. మా గుమ్మానికి నక్షత్రం లేకపోవడం చూసి, డోలు ఆపి, పాట పాడాలా వద్దా అని గేటు దగ్గర గుసగుసలాడుకోవడం వినపడింది. అత్తయ్యే తలుపు తీసి, డోలు లేకుండా ఒకటి పాడి వెళ్లమన్నారు.

ఇక కొవ్వొత్తుల మన్నిక. మొదటి కొవ్వొత్తిని అన్ని వారాలూ వెలిగించాలి కనుక అది అన్నింటికంటె ముందు తరగడం సహజం. నాలుగూ మెట్లు మెట్లుగా కనపడడం ఈ అమరికలోని అందం కూడా. అయితే రోజుకు ఇరవై నిమిషాల చొప్పున 24 రోజులంటే ఎనిమిది గంటలు. ఎనిమిది గంటలు నిలవని కొవ్వొత్తిని ఈ పనికి అమ్మకూడదు. మాకు వచ్చినది డిసెంబరు 21తో, అంటే ఏడు గంటలకు, పూర్తిగా కరిగి గిన్నెలో మరకగా మిగిలింది. నిరీక్షణ అని పేరున్న కొవ్వొత్తే క్రిస్మస్ చూడకుండా అయిపోవడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. తయారుచేసేవాళ్లు మొదటిదాన్ని కాస్త లావుగా పోస్తే సరిపోయే విషయం ఇది. నేను విసుక్కుంటుంటే అత్తయ్య వంటింట్లోకి వెళ్లి, కరెంటు పోయినప్పటి కోసం అలమరాలో దాచుకున్న తెల్ల కొవ్వొత్తి తెచ్చి ఆ గిన్నెలో గుచ్చారు. మూడు రంగు కొవ్వొత్తుల పక్కన అది దిక్కుమాలినదానిలా ఉందని నేనంటే, “వెలగడానికి రంగెందుకే” అన్నారు. నాలుగో ఆదివారం మా ఇంట వెలిగినవి రెండు ఊదా, ఒక వెలిసిన గులాబీ, ఒక తెలుపు.

మొత్తం మీద చట్రానికి 5కి 4, పుస్తకానికి 3, కొవ్వొత్తులకు 2 ఇస్తాను. ఇంటి అలంకరణకు అనుకునేవాళ్లు దీన్ని కొనవద్దు; ఆ డబ్బుకు మంచి నక్షత్రం వస్తుంది. ఏడాది లోపల మనిషి పోయిన ఇంటికి, లేదా మంచాన ఉన్నవారిని చూసుకుంటూ చేసుకుంటూ అలిసిపోయిన ఇంటికి ఇవ్వడానికి నేను మళ్లీ కొంటాను. కేకు పట్టుకుని వెళ్లలేని ఇళ్లకు ఇది పట్టుకుని వెళ్లవచ్చు. ఇచ్చేముందు రెండో వారంలోని ఆ పుటను మాత్రం చించి ఇవ్వండి. పుస్తకం విడిగా అడిగితే 60 రూపాయలకు ఇస్తారు. కళ్లు సరిగా లేనివారికైతే దాన్ని పెద్ద అక్షరాలతో జిరాక్సు తీయించడం మేలు.

తరువాతి ఆగమన కాలం 2025 నవంబరు 30 నుంచి, 25 రోజులది. చట్రం తుడిచి, పాత గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. కొవ్వొత్తులు మూడు తెల్లవే చాలు, గులాబీరంగుది ఒక్కటి కొనమని అత్తయ్య ఇప్పటి నుంచే చెబుతున్నారు. నక్షత్రం సంగతి మాత్రం ఆవిడకూ మా అబ్బాయికీ మధ్య ఇంకా తేలలేదు.